టైరు లోపలి మాట

తెల్లవారుజామున జాతీయ రహదారి ప్రక్కన, టీ దుకాణము ముందు, లారీ ఒకటి ఆగును. డ్రైవరు దిగి ముఖము కడుగుకొనును. క్లీనరు మాత్రము చిన్న ఇనుప కడ్డీ చేతబట్టి, బండి చుట్టు తిరుగుచు, ఒక్కొక్క టైరును ఒక్కొక్క దెబ్బ కొట్టి వినును. నిండుగా గాలి ఉన్న టైరు కడ్డీని ఎగురగొట్టి కంగుమని పలుకును. గాలి తగ్గిన టైరు మెత్తగా, ముసుగులో నుండి మాటాడినట్లు పలుకును. వెనుక ప్రక్క జంటగా బిగించిన చక్రములలో లోపలిదానిని కన్ను చూడలేదు. అందువలన ఆ పని చెవికి ఒప్పగించినారు. సంతలో కుండ కొనువారు వేలి కణుపుతో తట్టి చూచుట మనకు తెలిసినదే. కుండ బీట కంటికి కనబడకపోయినను చెవికి దొరకును.

కాని టైరు కుండ వంటిది కాదు. ఆ దెబ్బ గాలి ఉన్నదో లేదో చెప్పగలదు గాని, లోపల తెగిన పోగును గురించి చెప్పలేదు. టైరు చరిత్రను మొదటి నుండి తిరిగి చూచినచో ఒక విచిత్రమైన విషయము బోధపడును. టైరు బాగుపడిన కొద్దీ దానిలోని లోపము లోపలికి, మరింత లోపలికి దాగుచు వచ్చినది. ఆ దాగిన లోపమును వెలికి తీయుటకు మనుష్యుడు కన్ను, చేయి, చెవి, యంత్రము, చట్టము, వీనినన్నిటిని వరుసగా వినియోగించవలసి వచ్చినది.

మన ఎడ్లబండి చక్రమునకు లోపము దాచుట తెలియదు. కమ్మరి ఇనుప పట్టాను కొలిమిలో ఎర్రగా కాల్చి, చెక్క చక్రమునకు తొడిగి, నీళ్లు పోయును. చల్లబడిన ఇనుము బిగుసుకొని చక్రమును గట్టిగా పట్టుకొనును. ఇంగ్లీషులో 'టైరు' అను మాట మొదట ఈ ఇనుప పట్టాకే చెల్లినది. వేసవిలో కొయ్య ఎండి పట్టా సడలినచో బండి నడచుచుండగానే టకటకమని చప్పుడగును. బండివాడు దానిని నీటి గుంటలో దింపి నానబెట్టును. రోగము ఎదుటనే ఉండును, మందును చెంతనే ఉండును.

రబ్బరు వచ్చిన తరువాత పరిస్థితి మారినది. పచ్చి రబ్బరు ఎండకు జిగురగును, చలికి పెళుసగును. 1839లో అమెరికాలో చార్లెస్ గుడియర్ అను ఆయన గంధకము కలిపి వేడి చేసినచో రబ్బరు ఈ రెండు దోషములను వదలి, సాగి తిరిగి తన రూపమునకు వచ్చునని కనుగొన్నాడు. 1844లో ఆయనకు పేటెంటు లభించినది. ఇంగ్లండులో థామస్ హాన్కాక్ కూడ ఆ కాలముననే ఇదే ప్రక్రియకు హక్కు సంపాదించినాడు. గుడియర్ 1860లో అప్పులతోనే మరణించినాడు. ఆయన పేరు పెట్టుకొన్న ప్రసిద్ధ టైరు సంస్థ 1898లో పుట్టినది. దానితో ఆయనకు గాని ఆయన కుటుంబమునకు గాని సంబంధము లేదు. ఒకరు నాటిన చెట్టు నీడ మరొకరికి దక్కుట లోకములో కొత్త కాదు.

గాలి టైరును మొదట ఊహించినవాడు స్కాట్లండు దేశీయుడు రాబర్ట్ విలియం థామ్సన్. 1845లో, ఇరువది మూడేండ్ల వయస్సున, 'గాలి చక్రము' అను పేరుతో పేటెంటు పొందినాడు. రబ్బరు పూసిన గుడ్డతో గొట్టము చేసి, దానికి తోలు తొడుగు వేసి, చక్రమునకు మరలతో బిగించినాడు. 1847లో లండనులోని రీజెంట్స్ పార్కులో గుఱ్ఱపు బండ్లకు వానిని అమర్చి చూపినాడు. బండి చప్పుడు లేకుండ సాగుట చూచి జనులు ఆశ్చర్యపడినారు. అటువంటి చక్రములు పండ్రెండు వందల మైళ్లు తిరిగియు చెడలేదట. అయినను పలుచని, మంచి రబ్బరు కావలసినంత దొరకలేదు. మోటారు కారు గాని సైకిలు గాని అప్పటికి లేదు. గాలి చక్రము మరుగున పడినది. థామ్సన్ తరువాత ఘనమైన రబ్బరు పట్టీకి మరలి, 1867లో రోడ్డు మీద నడచు ఆవిరి యంత్రములకు దానిని అమర్చినాడు. అటువంటి యంత్రములను 1870 దశకమున క్రాంప్టన్ అను యువ సైనికాధికారి పంజాబు రోడ్ల మీద నడిపించినాడు. కనుక రబ్బరు చక్రము మన దేశపు ధూళిని తాకి నూటయేబది ఏండ్లు దాటినది.

ఆ ఘనమైన రబ్బరుకును ఒక సుగుణము ఉన్నది. అరిగినచో అరిగినట్లు, ఊడినచో ఊడినట్లు కనబడును. లోపల ఏమియు లేదు గనుక దాచుటకును ఏమియు లేదు.

గాలి టైరు రెండవమారు పుట్టినది ఐర్లండులోని బెల్‌ఫాస్ట్ నగరమున, ఒక పశువైద్యుని ఇంట. జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడు చక్రముల సైకిలు రాళ్ల బాట మీద ఎగిరెగిరి పడకుండుటకు రబ్బరు గొట్టములో గాలి నింపి, పైన గుడ్డ చుట్టి, చక్రమునకు అంటించినాడు. 1888లో ఆయనకు పేటెంటు వచ్చినది. మరుసటి సంవత్సరము విల్లీ హ్యూమ్ అను పందెగాడు ఆ టైర్లతో బెల్‌ఫాస్టులో సైకిలు పందెములు గెలిచి, నవ్వినవారి నోళ్లు మూయించినాడు. తరువాత కొద్ది కాలమునకే పేటెంటు చెల్లదని తేలినది. నలువది ఏండ్లకు పూర్వమే థామ్సన్ అదే ఊహకు హక్కు పొంది ఉన్నాడు గదా! కాని డన్‌లప్ కాలమునకు సైకిలు వచ్చినది. అవసరము సిద్ధముగా ఉన్నది. ఈసారి టైరు నిలిచినది.

డన్‌లప్ టైరు జిగురుతో చక్రమునకు అంటుకొని ఉండెడిది. మేకు గుచ్చుకొన్నచో దానిని విప్పి చూచుటకే గంటలు పట్టెడివి. 1889లో ఫ్రాన్సు దేశమున క్లెర్మాంట్-ఫెర్రాండ్ పట్టణములో మిషలిన్ సోదరుల కార్ఖానాకు ఒక సైకిలు మరమ్మతుకు వచ్చినది. బాగుచేయుటకు మూడు గంటలు, జిగురు ఆరుటకు ఒక రాత్రి పట్టినది. ఇది చూచి ఎడ్వర్డ్ మిషలిన్ సుళువుగా ఊడదీసి తిరిగి తొడుగగల టైరును రూపొందించి, 1891లో పేటెంటు తీసికొన్నాడు. టైరు లోపలి భాగమును మనుష్యుడు సుఖముగా చూడగలిగినది ఆనాటి నుండియే. పరీక్షకు మొదటి షరతు విప్పగలుగుట. ఈ చిన్న సూత్రమును అందరును మరచిపోవుదురు.

1895లో మిషలిన్ సోదరులు పారిస్ నుండి బోర్డోకు వెళ్లి తిరిగివచ్చు పందెములో ఒక మోటారు కారును గాలి టైర్ల మీద నడిపినారు. దారి పొడవునను పంక్చర్లే. కారు ఎంతో ఆలస్యముగా గమ్యము చేరినది. అయినను చేరినది. అంత బరువైన వాహనము గాలి మీద నడవగలదని లోకమునకు రుజువైనది. ఆ రోజులలో కారులో బయలుదేరినవారికి దారిలో చొక్కా చేతులు మడిచి టైరు విప్పుట ప్రయాణములో ఒక భాగమే. అదనపు చక్రము కూడ ఉండెడిది కాదు. 1904లో వేల్సు దేశమున లానెల్లీ అను ఊరిలో, స్టెప్నీ వీధిలో దుకాణము గల డేవీస్ సోదరులు ఆకులు లేని రిమ్ముకు గాలి నింపిన టైరు తొడిగి, చెడిన చక్రమునకు ప్రక్కన బిగించు సాధనమును తయారు చేసినారు. ఆ వీధి పేరే ఆ చక్రమునకు పేరయినది. ఇంగ్లండులో ఆ మాట ఎన్నడో వాడుక తప్పినది. మన తెలుగు డ్రైవరు మాత్రము నేటికిని 'స్టెప్నీ ఉన్నదా?' అనియే అడుగును. సముద్రములు దాటివచ్చిన ఒక వీధి పేరు మన డిక్కీలో భద్రముగా ఉన్నది.

తొలినాటి టైర్లు తెల్లగా ఉండెడివి. రబ్బరులో కలిపిన జింకు ఆక్సైడు వలన ఆ రంగు. 1910 ప్రాంతము నుండి సన్నని మసిని కలుపుట వ్యాప్తికి రాగా టైరు నల్లబడినది. అది అందము కొరకు కాదు. మసి కలిసిన రబ్బరు రోడ్డు ఒరిపిడికి ఎన్నో రెట్లు ఎక్కువ కాలము నిలుచును. ఇక లోపలి గుడ్డ సంగతి. మొదట అది అడ్డముగ నిలువుగ నేసిన కాన్వాసు. టైరు వంగినప్పుడెల్ల పడుగును పేకయు ఒకదానినొకటి రాపాడి, వేడెక్కి, తామే తెగెడివి. ఈ నేత తీసివేసి, పోగులను ఒకే దిక్కుగా పరచి, రబ్బరులో ముంచి, పొర మీద పొర వేయుట నేర్చినారు. నూలు పోగు పోయి రేయాను, తరువాత నైలాను, పాలియెస్టరు, చివరకు ఉక్కు వచ్చినవి. టైరు బలము రబ్బరులో లేదు. లోపల దాగిన ఈ పోగులలో ఉన్నది. రబ్బరు గాలిని ఆపును, రోడ్డును పట్టుకొనును. బరువు మోయునది మాత్రము పోగు. మనకు కనబడునది చర్మము, కనబడనిది ఎముక.

టైర్లను క్రమము తప్పక పరీక్షింపవలెనను విషయము ఒక దేశమంతటికి చట్టమైనది రెండవ ప్రపంచ యుద్ధకాలమున. అమెరికాకు కావలసిన సహజ రబ్బరులో నూటికి తొంబది వంతులు మలయా, డచ్చి తూర్పు ఇండియా దీవుల వంటి ఆగ్నేయాసియా ప్రాంతముల నుండి వచ్చెడివి. ఆ తోటలకు మూలము 1876లో హెన్రీ వికమ్ బ్రెజిల్ నుండి లండనులోని క్యూ ఉద్యానమునకు తెచ్చిన డెబ్బది వేల గింజలు. 1941 చివర, 1942 మొదట జపాను సేనలు ఆ ప్రాంతములను ఆక్రమింపగా రబ్బరు దారి మూసికొనిపోయినది. 1942 జనవరిలో అమెరికాలో మొట్టమొదట రేషను పెట్టినది చక్కెరకు కాదు, పెట్రోలుకు కాదు, టైర్లకు. ఆ సంవత్సరము చివర దేశమంతట పెట్రోలు రేషను విధించుటలో కూడ ముఖ్యోద్దేశము టైర్లను కాపాడుటయే. గంటకు 35 మైళ్లకు మించి నడపరాదన్నారు. ఒక్కొక్క కారుకు ఐదు టైర్లే ఉండవలెను, మిగిలినవి ప్రభుత్వమునకు అమ్మవలెను. ప్రతి టైరు సంఖ్యను ఒక పత్రములో వ్రాయించుకొని, కొన్ని నెలలకు ఒకసారి అనుమతి గల తనిఖీదారునకు చూపి సంతకము తీసికొనవలెను. గాలి సరిపోయినదా, ఏదైన చీలిక ఉన్నదా, చక్రములు వంకరగా నడచుచున్నవా అని అతడు చూచెడివాడు. అంతకు ముందు చెడినప్పుడు తప్ప టైరు ముఖము చూడని గృహస్థులు చెడకముందే చూచుట నేర్చినారు. కొరత నేర్పిన పాఠము సమృద్ధి నేర్పలేదు.

యుద్ధము ముగిసిన తరువాత టైరు రెండు పెద్ద అంగలు వేసినది. మిషలిన్ సంస్థ 1946లో రేడియల్ టైరుకు పేటెంటు పొంది, 1949లో అమ్మకమునకు తెచ్చినది. ఇందులో పోగులు ఒక అంచు నుండి మరొక అంచుకు అడ్డముగ పోవును. నేలను తాకు భాగము క్రింద ఉక్కు పట్టీలు చుట్టు ఉండును. అదే కాలమున అమెరికాలో గుడ్‌రిచ్ సంస్థ ట్యూబు అక్కరలేని టైరును రూపొందించినది. దానికి 1952లో పేటెంటు లభించినది. రెండును గొప్ప మేళ్లు. రేడియల్ టైరు చల్లగా నడచును, ఎక్కువ దూరము వచ్చును. ట్యూబులేని టైరు మేకు గుచ్చుకొన్నను ఒక్కసారిగా కూలదు, మెల్లమెల్లగా గాలి విడుచును.

ఈ మేళ్లలోనే చిక్కు దాగి ఉన్నది. రేడియల్ టైరు ప్రక్కభాగము స్వభావముచేతనే కొంచెము ఉబ్బి ఉండును. గాలి సరిగా ఉన్నదియు, నాలుగవ వంతు తగ్గినదియు కంటికి ఇంచుమించు ఒక్క తీరుగ కనబడును. ట్యూబులేని టైరులో మేకు నెలల తరబడి ఉండినను యజమానికి తెలియదు. ఆ మేకు ప్రక్కనుండి తడి లోపలికి దిగి ఉక్కు తీగను త్రుప్పు పట్టించవచ్చును. పూర్వపు టైరు చెడినప్పుడు అరచి చెప్పెడిది. కొత్త టైరు నోరు మూసికొని భరించి, ఒకనాడు చెప్పకుండ పోవును.

ఇందుకు కారణము కొంచెము లెక్కతో చూడవలెను. సామాన్యమైన కారు చక్రము ఒక కిలోమీటరు పోవుటకు సుమారు 530 సార్లు తిరుగును. గంటకు 80 కిలోమీటర్ల వేగమున సెకనుకు పండ్రెండు చుట్లు. తిరిగిన ప్రతిసారి టైరులోని ప్రతి భాగము నేల తాకి అణగి, తిరిగి లేచును. గాలి తగ్గినచో ఆ అణగుట ఎక్కువగును. అణగినకొద్దీ వేడి పుట్టును. వేసవి రోడ్డు వేడి దానికి తోడగును. ఉక్కు తీగను రబ్బరు పట్టుకొనుటకు తీగపై పలుచగా ఇత్తడి పూత వేయుదురు. ఇత్తడిలోని రాగియు రబ్బరులోని గంధకమును కలిసి ఆ బంధము ఏర్పడును. వేడియు కాలమును ఆ బంధమును సడలించును. ఉక్కు పట్టీ అంచున వెంట్రుకవాసి చీలిక పుట్టి, ప్రతి చుట్టుకు కొంచెము సాగి, ఒక రోజున పైభాగమంతయు పట్టీతో సహా ఊడిపోవును. అంతవరకు పై రబ్బరు నిగనిగలాడుచునే ఉండవచ్చును.

ఇది ఊహ కాదు. 1978లో అమెరికాలో ఫైర్‌స్టోన్ సంస్థ తన '500' రకము రేడియల్ టైర్లను లక్షల సంఖ్యలో వెనుకకు తీసికొనవలసి వచ్చినది. ఉక్కు పట్టీ నుండి పైభాగము విడిపోవుటయే ఆరోపణ. ఇరువది రెండేండ్లకు, 2000 ఆగస్టులో, అదే సంస్థ మరల 65 లక్షల టైర్లను వెనుకకు పిలిచినది. అవి ఎక్కువగా ఫోర్డు సంస్థ ఎక్స్‌ప్లోరరు బండ్లకు అమర్చినవి. టైరు పైభాగము ఊడి బండి బోల్తాపడిన ప్రమాదములలో 271 మంది మరణించినట్లు ఆ దేశపు రహదారి భద్రతాశాఖ లెక్కలకెక్కినది. ప్రమాదములు టెక్సస్, ఫ్లారిడా వంటి వేడి ప్రాంతములలో ఎక్కువగా జరిగినవి. బండిని చేసినవారు 26 పౌండ్ల గాలి చాలునన్నారు. టైరు చేసినవారు 30 ఉండవలెనని తరువాత అన్నారు. తప్పు టైరుదా బండిదా అని రెండు సంస్థలు వాదించుకొన్నవి. నూరేండ్ల స్నేహము ఆ తగవులో తెగిపోయినది.

ఈ వ్యవహారము బయటపడిన తీరు ప్రసారముల పని చేయువారు ప్రత్యేకముగా గుర్తుంచుకొనదగినది. ఒక బీమా సంస్థలోని పరిశోధకుడు 1998లోనే తన వద్దకు వచ్చిన పత్రములలో ఒకే రకము టైరు పేరు మరల మరల కనబడుట గమనించి ప్రభుత్వమునకు తెలియజేసినాడు. ఎవరును కదలలేదు. 2000 ఫిబ్రవరిలో హ్యూస్టన్ నగరములోని ఒక టెలివిజన్ కేంద్రము ఆ ప్రమాదములను గురించి ప్రసారము చేయగా, మాకును ఇట్లే జరిగినదని జనులు వరుసగా ఫోనులు చేసినారు. టైరులో దాగిన చీలిక వలెనే కాగితములలో దాగిన చీలిక కూడ ఎవరో తట్టి చూచినప్పుడే పలికినది. ఆ సంవత్సరముననే కొత్త చట్టము వచ్చినది. దాని ఫలితముగా, గాలి నాలుగవ వంతు తగ్గగానే డ్రైవరును హెచ్చరించు సాధనము 2007 సెప్టెంబరు నుండి ఆ దేశపు కొత్త కార్లన్నిటిలో తప్పనిసరి అయినది.

కార్ఖానాలలో నేడు ఎక్స్-రే కిరణములతో ఉక్కు తీగల వరుసను చూచుదురు. టైరును గాలి తీసివేసిన గదిలో ఉంచి లేజరు కాంతితో పరీక్షించు పద్ధతియు ఉన్నది. చుట్టును గాలి లేనందున పొరల మధ్య చిక్కిన గాలి ఉబ్బును. ఆ సూక్ష్మమైన ఉబ్బు కాంతిలో చారలుగా కనబడును. పాత టైరుకు కొత్త రబ్బరు వేయు రీట్రెడ్ పనిలో ఇటువంటి పరీక్షలు ఎంతో విలువైనవి. లోపలి ఎముక గట్టిగా లేనిచో పైచర్మము ఎంత కొత్తదైనను మోసమే గదా.

మన దేశమున టైరు తయారీ 1936లో వంగదేశమున హుగ్లీ తీరమున సాహగంజిలో డన్‌లప్ కార్ఖానాతో మొదలైనది. మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో 1946లో ఆటబుడగలు చేయుటతో ఆరంభమైన ఎమ్‌.ఆర్‌.ఎఫ్. సంస్థ 1952లో రీట్రెడ్ రబ్బరు తయారీకి దిగినది. నాటికి ఆంధ్రులకును రాజధాని మద్రాసే. పాత టైరును పారవేయక మరల వాడుకొనవలసిన అవసరము మన రోడ్లకు, మన జేబులకు ఎంత ఉండెనో ఈ క్రమమే చెప్పుచున్నది. హైదరాబాదు రాజ్యమున 1932 జూన్‌లో నిజాము రైల్వే సంస్థ 27 బస్సులతో రోడ్డు రవాణా ఆరంభించినది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. బస్సు డిపోలలో ఒక్కొక్క టైరుకు సంఖ్య వేసి, అది నడిచిన కిలోమీటర్ల లెక్క వ్రాయుట, రీట్రెడ్ చేసినదానిని ముందు చక్రములకు వేయకుండుట అనుభవము నేర్పిన జాగ్రత్తలు. మనము ఆ బస్సులో కిటికీ ప్రక్కన నిశ్చింతగా నిద్రపోవునప్పుడు, ఆ నిద్రకు కాపలా కాచినది ముందునాటి రాత్రి డిపోలో దీపము పట్టుకొని టైరు తడిమిన ఒక చేయి.

సొంత కార్లకు అటువంటి చేయి లేదు. ఆ చేయి మనదే కావలెను. కొన్నేండ్ల క్రిందట మండు వేసవిలో కుటుంబముతో ఒక పెండ్లికి బయలుదేరితిమి. అంతకు నెల ముందు సందు మలుపులో కారు ముందు చక్రము గట్టురాతికి గట్టిగా తగిలినది. దిగి చూచితిని. గీత కూడ పడలేదు. మరచిపోతిని. ప్రయాణము నాడు ఊరి చివర పంక్చరు దుకాణములో గాలి పట్టించుచుండగా, ఆ కుఱ్ఱవాడు చక్రము లోపలి ప్రక్కకు చేయి పోనిచ్చి తడిమి, "సార్, ఇక్కడ చేయి పెట్టి చూడండి" అన్నాడు. నిమ్మకాయంత బుడిపె. లోపల పోగులు తెగినవి. గాలిని పలుచని రబ్బరు ఒక్కటే ఆపుచున్నది. వెనుక సీటులో నా తల్లియు పిల్లలును కూర్చుండి ఉన్నారు. స్టెప్నీ మార్చుకొని, వేగము తగ్గించుకొని పోతిమి. ఆ కుఱ్ఱవాడు గాలికి పది రూపాయలు తీసికొన్నాడు. చూచినందుకు ఏమియు అడుగలేదు.

అప్పటినుండి నేను నెలకొకసారి చేయు పనిని శ్రోతలకు కూడ మనవి చేయుచున్నాను. ఉదయము, కారు కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి కొలువవలెను. నడచిన తరువాత వేడికి గాలి ఒత్తిడి పెరిగి లెక్క తప్పును. ఎంత ఉండవలెనో డ్రైవరు తలుపు అంచున అంటించిన చీటీలో ఉండును. టైరు ప్రక్కన అచ్చువేసిన గరిష్ఠ సంఖ్య అది కాదు. తరువాత అరిగిన తీరు చూడవలెను. నడుమ అరిగినచో గాలి ఎక్కువ, రెండంచులు అరిగినచో గాలి తక్కువ, ఒక్క అంచే అరిగినచో చక్రముల అమరిక తప్పినది, అక్కడక్కడ గుంటలుగా అరిగినచో షాకబ్జార్బర్లు చూపించవలెను. టైరు అరుగుట ఒక విధమైన చేవ్రాత. చదువనేర్చినవారికి బండి కథయంతయు అందులో ఉండును.

గాళ్ల అడుగున చిన్న దిమ్మలు ఉండును. పై రబ్బరు అరిగి ఆ దిమ్మలతో సమమైనచో లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగినదని అర్థము. మన కేంద్ర మోటారు వాహన నియమములు, 1989, కార్లకు కోరు కనీసపు లోతు అదియే. రెండు, మూడు చక్రముల బండ్లకు 0.8. వానకాలమున నీరు ఆ గాళ్ల గుండ పోవలెను. పోలేనిచో చక్రము రోడ్డును వదలి నీటి మీద తేలును. అప్పుడు బ్రేకు గాని స్టీరింగు గాని మాట వినదు. లోపలి పోగులు బయటపడిన టైరును, ఉబ్బిన టైరును కూడ ఆ నియమములు నిషేధించుచున్నవి. బుడిపెకు మరమ్మతు లేదు. మార్చుటయే.

ఆపైన అరచేతితో రెండు ప్రక్కలను, ముఖ్యముగా కంటికి అందని లోపలి ప్రక్కను, నిదానముగా తడుమవలెను. పుట్టిన తేది చూడవలెను. ప్రక్కన నాలుగంకెలు ఉండును. 2319 అనగా 2019వ సంవత్సరము 23వ వారము. ఇంట నిలిపి ఉంచిన కారు టైరు అరుగకపోయినను ముసలిదగును. సన్నని నెరియలు దాని ముడుతలు. గాలి లేకుండ కొంత దూరము నడిచిన టైరును తప్పక రిమ్ము నుండి విప్పించి లోపల చూడవలెను. నల్లని వలయముగాని, రబ్బరు పొడిగాని కనబడినచో దాని ఆయువు తీరినది. పంక్చరును బయటినుండి పుల్ల దూర్చి మూయుట దారిలో ప్రాణము నిలుపుకొనుటకే. ఊరు చేరిన తరువాత విప్పించి లోపలినుండి అతుకు వేయించవలెను. డిక్కీలోని స్టెప్నీని మరువరాదు. గాలి హెచ్చరిక సాధనము, అతుకు సామగ్రి గల కార్లకు అది లేకున్నను సరేయని 2020లో మన నియమములు మార్చినారు. మీ కారుకు అది ఉన్నదో లేదో ముందే తెలిసికొని ఉండుట మంచిది.

ఇంతయు చేయుటకు పావుగంట పట్టును. సామాన్యమైన కారులో ఒక్కొక్క టైరు నేలను తాకునది ఇంచుమించు ఒక అరచేయి మేర మాత్రమే. నాలుగు అరచేతుల మేర రబ్బరు మీద ఒక కుటుంబము సాగిపోవుచుండును. వాని క్షేమము తెలిసికొనుటకు మన అరచేయి నెలకొకసారి వాని మీద ఆనుట పెద్ద శ్రమ కాదు.

థామ్సన్ తోలు తొడుగు మొదలు లేజరు కాంతి వరకు ఇంత చరిత్ర నడిచినను, మొదటి ఉపాయము ఇంకను చెడిపోలేదు. రేపు తెల్లవారుజామున ఏ రహదారి ప్రక్కనైనను ఆ క్లీనరు కడ్డీ చప్పుడు వినబడును. అతడు లారీని కొట్టుచున్నాడని మనము అనుకొందుము. అతడు కొట్టుట లేదు, అడుగుచున్నాడు. టైరు అడిగినవారికే చెప్పును.